ముడతల తూటా

గేలెన్ రైకర్ట్‌కు తెలియని విషయం మా బొగ్గు కొండల్లో లేదు. ఆ మాట ఎవరన్నారని అడుగుతారేమో, గేలెన్ రైకర్టే అన్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ జిల్లా రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాడు. ఎవరి ఇంటి కప్పు కారినా, ఎవరి పొయ్యి పొగ చిమ్మినా, అడక్కుండానే వచ్చి కారణం చెప్పి వెళ్ళేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. మంచు పడిన పొద్దున ఒంటరి ముసలివాళ్ళ వాకిళ్ళన్నీ ఎవరూ పిలవకుండానే శుభ్రం చేసేవాడు. కాకపోతే పార ఆడినంతసేపూ నోరు కూడా ఆడేది.

ఆ నోరు అతన్ని ఎంత దూరం తీసుకెళ్ళిందో చెప్పాలంటే ముందు తూటా అచ్చు సంగతి చెప్పాలి.

చలికాలమంతా మా గన్ క్లబ్బులో శుక్రవారం శుక్రవారం రివాల్వర్ పోటీలు జరుగుతాయి. దుకాణంలో తూటాలు దొరకవని కాదు. కానీ కొన్న తూటాతో గెలిచినవాడిని మావాళ్ళు అరువు చొక్కాతో పెళ్ళికొచ్చినవాడిలా చూస్తారు. ఎవరి సీసం వాళ్ళు కరిగించుకోవాలి, ఎవరి అచ్చులో వాళ్ళు పోసుకోవాలి. గేలెన్ దగ్గర తండ్రి నాటి అచ్చు ఒకటుండేది. ఆ ఏడు దాని కీలు అరిగిపోయి, రెండు చెక్కలూ సరిగ్గా మూసుకోవడం మానేశాయి. కొత్తది కావాలి.

ఇక చూడండి, పెళ్ళికూతురిని వెతికినప్పుడు కూడా అంత ఆలోచించలేదని అతని భార్య ఆర్లీన్ అనేది. అచ్చులమ్మే కంపెనీల పుస్తకాలు భోజనాల బల్ల నిండా పరిచాడు.

"అల్యూమినియం అయితే తేలిక ఆర్లీన్. ఇట్టే వేడెక్కుతుంది. కానీ సుకుమారం, కాస్త తగిల్తే సొట్ట. ఇనుమంటావా, బరువే, కానీ మన తరవాత కూడా ఉంటుంది."

"మన తరవాత ఉండి అదేం చేస్తుంది, మన దినాలకొస్తుందా? కాఫీ చల్లారిపోతోంది, తాగు."

"అది కాదే. ఈ కంపెనీ అచ్చుల్లో తూటా వెంట్రుకవాసి సన్నంగా దిగుతుంది. నా రివాల్వర్ గొట్టం కాస్త లావు. తూటా గొట్టాన్ని పట్టుకుని పోవాలి, లేకపోతే లోపలంతా సీసం పూసేస్తుంది, గురి పోతుంది."

"అయితే విటస్ దగ్గరికెళ్ళు. ఊళ్ళో మనిషిని పెట్టుకుని ఈ పుస్తకాలెందుకు?"

విటస్ బర్కోనిస్ వెనకట బొగ్గు గనిలో యంత్రాల షాపులో పనిచేసినవాడు. ఎనభై దాటాయి. ఇంటి కింద నేలమాళిగలో లోహం చెక్కే ఓ పాత లేత్ మిషన్ పెట్టుకుని క్లబ్బువాళ్ళకు అచ్చులు చేసిచ్చేవాడు. డబ్బు ముట్టడు. జింకల వేట ముగిశాక ఇంట్లో పొగబెట్టిన జింక మాంసం సాసేజి నాలుగు చుట్టలు తెచ్చిస్తే అదే కూలి.

గేలెన్ రివాల్వర్ తీసుకుని వెళ్ళాడు. విటస్ ఓ మెత్తటి సీసం ముక్కను గొట్టంలోంచి నెమ్మదిగా తోసి, అవతల బయటికొచ్చినదాన్ని కొలిచాడు. ఒకసారి కాదు, తిప్పి తిప్పి కొలిచాడు. "ఒక కన్ను నాది, ఒకటి డాక్టరుది," అన్నాడు, ఆపరేషన్ చేయించుకున్న కన్ను చూపిస్తూ. "రెండిటికీ పడదు. అందుకని ఇద్దర్నీ అడగాలి."

"తూటా ముక్కు చదునుగా ఉండాలి పెద్దాయనా," అన్నాడు గేలెన్. "గురి కాగితం మీద పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు పడాలి కంత. గీత లోపల పడిందా బయట పడిందా అని క్లబ్బులో ఆ డ్యూయీ గాడితో గొడవ ఉండకూడదు."

"సరే. ఎన్ని గుంటలు?"

"ఆరు. ఒక్క పోతకి ఆరు తూటాలు రావాలి."

"ఆరు గుంటల ఇనుప అచ్చు ఎత్తిదించుతుంటే సాయంత్రానికి నీ మణికట్టు నిన్ను బూతులు తిడుతుంది. నాలుగు చాలు."

"నాకు తెలీదా? నేనూ నాలుగే అందామనుకున్నా."

విటస్ నవ్వుకున్నాడు. క్రిస్మస్ దాకా ఆ నేలమాళిగలో లేత్ తిరుగుతూనే ఉంది. అచ్చు చేతికొచ్చినప్పుడు గేలెన్‌కే మాట రాలేదు. మూసి వెలుగుకు పట్టుకుంటే రెండు చెక్కల మధ్య సందు కనపడలేదు.

కొత్త సంవత్సరం మొదటి రోజే పోత మొదలుపెట్టాడు. అంతా అక్కడే చెడింది. టైర్ల షాపులో చక్రాల నుంచి ఊడదీసిన బ్యాలెన్సింగ్ బరువు ముక్కలే మాకు సీసం. ఈ మధ్య ఆ ముక్కల్లో జింకువి కూడా కలుస్తున్నాయి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకని మంట తగ్గించి పెట్టాలి, కుండ పక్కనుంచి కదలకూడదు. సీసం ముందు కరుగుతుంది, జింకు ముక్కలు పైకి తేలతాయి, గరిటెతో తీసి పారెయ్యాలి. మంట పెరిగిందా, జింకు కూడా కరిగి సీసంలో కలిసిపోతుంది, ఆ లోహం ఇక ఏ అచ్చులోనూ సరిగ్గా నిండదు. ఈ సంగతి క్లబ్బులో కుర్రాళ్ళందరికీ పాఠంలా చెప్పింది గేలెనే.

ఆ రోజు చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే గ్యారేజీలో మంట పూర్తిగా పెంచాడు. ఇంతలో ఆర్లీన్ భోజనానికి కేకేసింది. జనవరి ఒకటిన అదృష్టం కోసం వండే పంది మాంసం, పులిసిన క్యాబేజీ చల్లారనిస్తే మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఏడాదంతా గుర్తు పెట్టుకుంటారు. వెళ్ళి రెండు పళ్ళేలు తిన్నాడు. తిరిగొచ్చి చూస్తే కుండలో ఒక్క ముక్క కూడా తేలడం లేదు. తనకు అంత శుభ్రమైన సీసం దొరికిందని సంబరపడ్డాడే కానీ, తేలాల్సినవి ఏమయ్యాయని ఆలోచించలేదు. చారులో ఉప్పులా కలిసిపోయాయవి.

అచ్చులోంచి దిగిన తూటాలు నీళ్ళలో నానిన వేళ్ళలా ముడతలు పడి ఉన్నాయి. అంచులు మొండిగా, గుంట మూలలు నిండకుండా ఉన్నాయి. అచ్చును ఇంకా వేడి చేశాడు. సబ్బుతో కడిగాడు. అగ్గిపుల్ల పొగ పట్టించాడు. మళ్ళీ పోశాడు, మళ్ళీ ముడతలే. కుండ తనది, అచ్చు పరాయివాడిది. తప్పెవరిదో తేల్చుకోవడానికి గేలెన్‌కు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఇక మా క్లబ్బులో ఓ ఆచారం ఉంది. క్లబ్బులోనే ఉన్న బారు వెనక గోడకు ఓ చెక్క అర ఉంటుంది, దాన్ని ఘనకార్యాల అర అంటాం. ఎవడైనా తెలివితక్కువ పని చేస్తే దాని గుర్తుగా ఏదో ఒకటి ఆ అరలో పెట్టి, కింద వాడి పేరు రాసి అట్ట ముక్క పెడతాం. డ్యూయీ వంకర చేసిన, తుపాకీ గొట్టం తుడిచే ఇనుప కడ్డీ ఓ ఏడాదంతా ఉందక్కడ. పేరెక్కినవాడు నవ్వుతూ అందరికీ ఒక వరస బీరు పోయించాలి. దించాలంటే ఎక్కించినవాడే దించాలి, అదీ శుక్రవారం, అందరి ముందూ.

ఆ శుక్రవారం గేలెన్ అచ్చును తెచ్చి బారు మీద ఠపీమని పెట్టాడు.

"ఏవైందిరా?" అన్నాడు డ్యూయీ.

"ఏవవుద్ది? ముసలాయన పనైపోయింది. చూడండ్రా ఈ తూటాలు! మా అవ్వ బుగ్గలు నయం."

"కళ్ళలో ఒకటి అరువు తెచ్చుకుంటే అంతేగా మరి!" డ్యూయీ అందుకున్నాడు.

బారంతా ఘొల్లుమంది. ఆ ఊపులో గేలెన్ ఓ ముడతల తూటా అరలో పెట్టి, అట్ట ముక్క మీద 'విటస్ బర్కోనిస్ ఘనకార్యం' అని పెద్దక్షరాలతో రాశాడు. విటస్ బారు చివర క్యాబేజీ నూడుల్స్ పళ్ళెం ముందు కూర్చునే ఉన్నాడు. లేచి వచ్చాడు. అచ్చును చేతిలోకి తీసుకుని, జేబురుమాలుతో తుడిచి, దీపానికేసి తిప్పి చూశాడు.

"సరేలే గేలెన్," అన్నాడు. "ఇంటికెళ్ళి చూస్తాను."

ఆచారం ప్రకారం అందరికీ బీరు పోయించాడు. తను తాగలేదు. నూడుల్స్ సగం అలాగే ఉండిపోయాయి. ఆదివారం పొద్దున గేలెన్ తలుపు తీస్తే అరుగు మీద ఓ సంచీ ఉంది. అందులో సాసేజి చుట్టలు నాలుగూ ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు. పని బాగాలేనప్పుడు కూలెందుకని వెనక్కిచ్చేశాడు ముసలాయన. గేలెన్ వాటిని వేయించుకుని తిన్నాడు. ఆర్లీన్ ముట్టలేదు.

తరవాత గేలెన్ కంపెనీ అచ్చు తెప్పించాడు. అల్యూమినియంది, ఆరు గుంటలది, గొట్టానికి సరిపడే సైజుది. అదే కుండ వేడి చేసి పోశాడు. ఆరు తూటాలు తువ్వాలు మీద పడ్డాయి. ఆరింటికి ఆరూ ముడతలు.

గేలెన్ వాటినే చూస్తూ నిలబడిపోయాడు. కాఫీ తెచ్చిన ఆర్లీన్ అతని భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏవయ్యా, ఆడలేక మద్దెల ఓడన్నావు. మద్దెల మార్చావు కదా, ఇప్పుడేమంటావు?"

"ఊరుకో."

"ఊరుకోవాల్సింది నేను కాదు."

అతను స్నానాల గదిలోంచి దొడ్డి కడిగే యాసిడ్ సీసా తెచ్చి, గడ్డకట్టిన లోహం మీద ఓ చుక్క వేశాడు. ఉత్త సీసమైతే కిమ్మనదు. ఇది బుస్సుమని పొంగింది. జింకు. ఆ బుసబుస ఆగేదాకా గేలెన్ దానికేసే చూశాడు. చలికి బిగుసుకున్న గ్యారేజీలో అతని చెవులు మాత్రం కాలిపోయాయి. పంది మాంసం రెండో పళ్ళెం గుర్తొచ్చింది. విటస్ జేబురుమాలు గుర్తొచ్చింది. 'మా అవ్వ బుగ్గలు నయం' అన్న మాట తన గొంతుతోనే మళ్ళీ వినపడింది. సిగ్గంటే ఏమిటో అతనికి ఆ రోజు దాకా తెలియదనే అనుకోవాలి, ఎందుకంటే తనకు తెలియనిదేదీ లేదని నమ్మినవాడికి సిగ్గుతో పనేముంటుంది?

ఆ రోజే వెళ్ళి చెప్పేస్తే ఇంత కథ లేదు. చెప్పలేదు. కుండ గీకి శుభ్రం చేశాడు, మంచి సీసం కరిగించాడు, కొత్త అచ్చులో పోశాడు. తూటాలు అద్దంలా దిగాయి. తరవాతి శుక్రవారం అందరికంటే ఎక్కువ మార్కులు కొట్టాడు.

"చూశావా," అన్నాడు డ్యూయీ వీపు చరిచి, "అచ్చు మార్చగానే మనిషి ఎలా మారిపోయాడో! ముసలాయన అచ్చుతోనే ఉంటే ఈపాటికి మా వెనకాల ఉండేవాడివి."

చెబుదామని గేలెన్ నోరు తెరిచాడు. ఎవరో బీరు చేతిలో పెట్టారు. చుట్టూ అందరూ అతని వంకే చూసి నవ్వుతున్నారు. జీవితంలో ఎన్నడూ మూతపడని నోరు, తెరుచుకోవాల్సిన ఆ ఒక్క క్షణంలో మూతపడింది. "అవున్రా," అని కూడా అనలేదు. కానీ కాదనలేదు, అది చాలు. విటస్‌కు అచ్చులు చెప్పిన మరో ఇద్దరు వద్దని కబురు చేశారట. విటస్ క్లబ్బుకు రావడం మానేశాడు. బారు చివర అతని స్టూలు మీద కోట్లు పడేయడం మొదలుపెట్టారు.

ప్రతి శుక్రవారం ఇంటికి రాగానే ఆర్లీన్ ఒక్కటే అడిగేది. "చెప్పావా?"

"ఇవాళ కుదర్లేదు. జనం ఎక్కువున్నారు."

"అప్పుడూ అంతమందే ఉన్నారుగా."

చివరికి ఓ మంగళవారం మధ్యాహ్నం, క్లబ్బు ముందు మంచు తోసే మిషతో వెళ్ళాడు. తాళం చెవి అతని దగ్గరే ఉంటుంది. లోపల ఎవరూ లేరు. స్టూలెక్కి, ఆ తూటానూ అట్టముక్కనూ తీసి కోటు జేబులో వేసుకున్నాడు. దొంగలా వెనకా ముందూ చూసుకుని బయటికొచ్చాడు. ఇంటికొచ్చి కోటు తగిలిస్తుంటే తూటా కింద పడి ఆర్లీన్ కాళ్ళ దగ్గరికి దొర్లింది.

ఆమె వంగి తీసింది. వేళ్ళ మధ్య తిప్పింది.

"మంగళవారం దించావా దీన్ని?"

"దించాను కదా! ఇక పేరు లేదక్కడ. అయిపోయింది."

"గేలెన్," అంది ఆర్లీన్. వేళాకోళం లేదు ఆ గొంతులో. "నువ్వు గొప్పలు చెప్పుకుంటావని తెలిసే చేసుకున్నాను నిన్ను. నవ్వుకున్నాను, సర్దుకున్నాను. పిరికివాడివని మాత్రం ఇన్నేళ్ళలో ఇవాళే తెలిసింది. తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టేసి రా."

తీసుకెళ్ళి పెట్టేశాడు. దారిపొడుగునా బండిలో రేడియో కూడా పెట్టుకోలేదు.

శుక్రవారం వచ్చింది. గేలెన్ కోటు విప్పకుండానే బారు ముందు నిలబడి, జేబులోంచి జింకు కలిసిన లోహపు గడ్డ తీసి బల్ల మీద పెట్టాడు.

"విటస్ అచ్చులో ఏ దోషమూ లేదు. దోషం నా కుండలో ఉంది. జింకు కరగబెట్టుకున్నాను. కొత్త అచ్చులోనూ ముడతలే వచ్చాయి. అప్పుడే తెలిసింది నాకు. తెలిసి కూడా ఇన్నాళ్ళూ మీ బీరు తాగాను."

డ్యూయీ గట్టిగా నవ్వేశాడు. "జింకా? నువ్వా? మాకందరికీ పాఠం చెప్పినోడివి! ఒరే, అట్టముక్క తేండ్రా!" బారంతా నవ్వింది. గేలెనే స్టూలెక్కి పాత అట్టనూ తూటానూ దించి, కొత్త అట్ట మీద తన పేరు రాసి, ఆ గడ్డను అరలో పెట్టాడు. అందరికీ బీరు పోయించాడు. పావుగంటలో మాట ట్రౌట్ చేపల మీదికి మళ్ళింది. అంతే. అంత తేలికగా అయిపోయింది. ఇంత తేలికైన పనికి ముసలాయన చలికాలమంతా ఇంట్లో కూర్చున్నాడే అన్న సంగతి గేలెన్‌ను అన్నిటికంటే ఎక్కువ పొడిచింది.

మర్నాడు పొద్దునే కొత్తగా నాలుగు సాసేజి చుట్టలు పట్టుకుని విటస్ ఇంటికి వెళ్ళాడు. విటస్ భార్య ఓనా తలుపు తీసింది, కానీ దారి ఇవ్వలేదు.

"ఇవాళ మంచు పడలేదే. ఎందుకొచ్చావు?"

"ఆయనతో మాట్లాడాలి ఓనా. తప్పు నాదే. రాత్రి అందరి ముందూ చెప్పేశాను."

"అందరికీ చెప్పాక ఇప్పుడు ఆయనకా? మంచి వరసే." ఆమె పక్కకు జరిగింది. "కిందున్నాడు. పని ఏం లేదులే, ఊరికే కూర్చుంటాడు."

గేలెన్ మెట్లు దిగాడు. నేలమాళిగలో ముందు కనపడింది లేనిదే. లేత్ మిషన్ ఉండే చోట నాలుగు బోల్టుల కంతలు, నూనె మరక మిగిలాయి. విటస్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మిషనేదీ?"

"వృత్తి పనులు నేర్పే స్కూలు వాళ్ళకిచ్చేశాను. పోయిన వారం వచ్చి తీసుకెళ్ళారు."

గేలెన్ నిలబడే అంతా చెప్పాడు. మంట, పంది మాంసం, జింకు, యాసిడ్, కొత్త అచ్చు, డ్యూయీ వీపు చరచడం, మంగళవారం దొంగతనం. ఏదీ దాచలేదు. చెప్పినంతసేపూ ఆ నూనె మరకనే చూశాడు. "క్షమించండి పెద్దాయనా. లారీ వేసుకెళ్ళి మిషన్ వెనక్కి తెస్తాను. వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా తెస్తాను."

"వద్దు. అక్కడ పిల్లల చేతుల్లో తిరుగుతోంది, తిరగనీ." విటస్ పక్కన ఉన్న కాఫీ డబ్బా ఒళ్ళోకి తీసుకున్నాడు. "నువ్వు అచ్చిచ్చేసిన రోజే నా కుండలో సీసంతో పోసి చూశాను. ఇవిగో."

డబ్బా నిండా తూటాలున్నాయి.

"అయితే మీకు అప్పుడే తెలుసా? మరి ఒక్క మాట అనలేదేం?"

"ఏం తెలుసు?" అన్నాడు విటస్. "చూశాను. నా కళ్ళకి బాగానే ఉన్నాయి. ఒక్క ముడతా కనపడలేదు. నువ్వేమో కంటికెదురుగా ముడతలన్నావు, అందరూ చూసి అవునన్నారు. దాంతో భయమేసింది నాకు. అంతమందికి కనపడే ముడతలు నాకు కనపడ్డం లేదంటే, ఇక నా కళ్ళని నమ్మి మిషన్ దగ్గర ఎలా నిలబడను? చెయ్యి తెగ్గోసుకోనూ? అందుకే ఇచ్చేశాను."

గేలెన్ ఎదురుగా ఉన్న పీట మీద కూలబడ్డాడు. తను ముసలాయన పేరు పాడు చేశాననుకున్నాడు, పేరైతే రాత్రి బాగుచేసి వచ్చాడు. కానీ తను తీసుకున్నది ఆయన కళ్ళనని ఇప్పుడు తెలిసింది.

విటస్ డబ్బాలోంచి ఓ తూటా తీసి గేలెన్ అరచేతిలో పెట్టాడు.

"చూడు. నిజం చెప్పు. ఎలా ఉంది?"

గేలెన్ దాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకున్నాడు. అంచు పదునుగా, ముఖం చదునుగా, ఒళ్ళంతా నున్నగా ఉంది. అతని కళ్ళలో నీళ్ళు నిండి అది మసకబారింది. తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"బాగుంది. ఒక్క ముడతా లేదు."

విటస్ తల ఊపాడు. దాన్ని తీసుకుని కిటికీ గట్టు మీద నిలబెట్టి, డబ్బాలోకి చెయ్యి పెట్టాడు.

"ఇది?"

"ఇదీ బాగుంది పెద్దాయనా."

"ఇది?"

డబ్బా ఇంకా నిండుగానే ఉంది.